కోడ్ ఎడిటర్‌కి నెలనెలా డబ్బు కట్టొచ్చా?

ప్రశ్న: నేను ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్‌ని. ఇన్నాళ్లూ కోడ్ రాసుకోవడానికి విఎస్ కోడ్ అనే ఎడిటర్‌తో, పైసా ఖర్చు లేకుండా నెట్టుకొచ్చాను. తోటివాళ్లంతా ఏఐ ఉన్న పెయిడ్ ఎడిటర్లకి మారిపోయారు. నెల చందా నా రెండు గంటల సంపాదనంత ఉంది. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: ఏడాది ప్లాన్ మాత్రం ఇప్పుడే వద్దండి. నెల చందా సంగతి కూడా లెక్క తేలాకే.

రెండు గంటలంటే 120 నిమిషాలు. నెలకి 20 పనిరోజులనుకుంటే, రోజుకి 6 నిమిషాలు మిగిలితే చందా గిట్టినట్టే. అమ్మేవాళ్లు ఇక్కడిదాకా చెప్పి ఆపేస్తారు. ఆ 6 నిమిషాలకి మీకు డబ్బెవరిస్తారు? మీరు గంటల చొప్పున బిల్లు వేస్తుంటే, పని త్వరగా తెమిలినకొద్దీ తగ్గేది మీ బిల్లే. ప్రాజెక్టు మొత్తానికి ఇంతని మాట్లాడుకుంటే మిగిలిన సమయం మీది. అప్పుడైనా అందులో ఇంకో పని పట్టుకుంటేనే రాబడి.

అసలు సమయం మిగులుతోందా అన్నది ఇంకో ప్రశ్న. 2025లో ఎంఈటీఆర్ అనే పరిశోధన సంస్థ, అనుభవమున్న 16 మంది ఓపెన్ సోర్స్ డెవలపర్ల పనిని కొలిచింది. ఏఐ వల్ల 20 శాతం త్వరగా అయిందని వాళ్లనుకున్నారు. తీరా చూస్తే 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లు చేసింది తమకు బాగా తెలిసిన కోడ్ మీద, అప్పటి ఏఐ మోడళ్లతో, కాబట్టి మీకూ అంతే అవుతుందని అనను. కానీ 'త్వరగా అవుతున్నట్టుంది' అన్న మాటని నమ్మి నేనైతే డబ్బు కట్టను.

ట్రయల్ ఉన్నన్నాళ్లూ పక్కన ఒక కాగితం పెట్టుకోండి. ఒకరోజు కొత్త ఎడిటర్, ఒకరోజు పాతది. ప్రతి పనికీ మొదలుపెట్టిన టైము, ముగించిన టైము రాయండి. ఏఐ 40 లైన్లు చకచకా రాసేసి, లైబ్రరీలో (మనం వాడుకునే రెడీమేడ్ కోడ్‌లో) లేనే లేని ఫంక్షన్‌ని పిలుస్తుంది చూడండి, దాన్ని పట్టుకుని సరిచేయడానికి పట్టిన టైము కూడా అందులోకే వస్తుంది. చాలామంది వదిలేసేది దాన్నే.

ఇంకొకటి, చందా ఆపేస్తే మీ చేతిలో ఏం మిగులుతుందో చూసుకోండి. జెట్‌బ్రెయిన్స్ కంపెనీ ఐడీఈలకి (ఎడిటర్‌తో పాటు మిగతా కోడింగ్ సాధనాలూ కలిసిన సాఫ్ట్‌వేర్‌కి) వరసగా 12 నెలలు కడితే, ఆ తర్వాత మానేసినా ఒక పాత వర్షన్ మీకు ఉండిపోతుంది. సబ్లైమ్ టెక్స్ట్ అనే ఎడిటర్ వ్యక్తిగత లైసెన్స్ ఒకసారి కొంటే మూడేళ్ల అప్‌డేట్లు వస్తాయి, గడువు తీరినా అప్పటి వర్షన్ వాడుకోవచ్చు. ఏఐ ప్లాన్లు అద్దె ఇల్లు లాంటివి, అద్దె పెంచే పద్ధతి కూడా మీ చేతిలో ఉండదు. 2025 జూన్‌లో కర్సర్ అనే ఏఐ ఎడిటర్ తన ప్రో ప్లాన్‌ని రిక్వెస్టుల లెక్క (ఏఐని ఎన్నిసార్లు అడిగారన్నది) నుంచి వాడకం లెక్కకి మార్చింది. అనుకోని చార్జీలు పడ్డాయని గోల రేగితే, జూలైలో క్షమాపణ చెప్పి వాపసు ఇచ్చింది. ఏడాది ప్లాన్ వద్దన్నది అందుకే.

కాగితం మీద లెక్క బాగుంటే నెల ప్లాన్ తీసుకోండి. అదనపు వాడకం పరిమితిని సున్నా దగ్గర పెట్టండి, ఆటో రెన్యువల్ తీసేయండి, ఇన్‌వాయిస్ దాచుకోండి. వ్యాపార ఖర్చు కింద చూపించడానికి పనికొస్తుందేమో మీ ఆడిటర్‌ని అడగొచ్చు.