శుక్రుడి మీద రోజు నిజంగా ఏడాది కన్నా పెద్దదా? ఇవన్నీ మాటలతో ఆడే ఆటలేనా?

"శుక్రుడి మీద రోజు ఏడాది కన్నా పెద్దది, టమాటా పండు, అరటి బెర్రీ అంటుంటారు. అన్నీ నిర్వచనాలతో ఆడే ఆటలే కదా, ఇందులో విజ్ఞానం ఎక్కడుంది?" అని అడిగారు. ఆటే, కాదనను. కానీ దాన్ని చివరిదాకా ఆడితే విజ్ఞానమే తగులుతుంది. తిరుపతిలో బడిపిల్లలకు క్విజ్‌లు నిర్వహిస్తుంటాను కాబట్టి ఈ తగవులు నాకు అలవాటు, ఎంతో ఇష్టం కూడా.

శుక్రుడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి మన లెక్కలో సుమారు 243 రోజులు, సూర్యుణ్ణి చుట్టిరావడానికి సుమారు 225 రోజులు పడుతుంది. క్విజ్ పుస్తకాల్లో ఉండే జవాబు ఇదే. ఒకసారి తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి, "సార్, రోజంటే ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయం దాకా కదా? అలాగైతే 117 రోజులే" అంది. నిజమే. శుక్రుడు చాలా గ్రహాలకు భిన్నంగా ఎదురు దిశలో తిరుగుతాడు. అందుకే అక్కడ సూర్యుడు త్వరగా మళ్లీ ఉదయిస్తాడు, ఏడాదిలో దాదాపు రెండు పగళ్లు, రెండు రాత్రులు గడుస్తాయి. ఆమె జట్టుకు మార్కులిచ్చాను.

అవతలి జట్టు ఒప్పుకోలేదు. ఆ 243 రోజులు నక్షత్రాలను బట్టి కొలిచిన భ్రమణం, అదే అసలు లెక్క అని పట్టుబట్టారు. అయితే అదే లెక్క భూమికీ వేయండి అన్నాను. అప్పుడు మన రోజు 24 గంటలు కాదు, 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు! ఒక చుట్టు పూర్తయ్యేలోపు భూమి తన కక్ష్యలో కాస్త ముందుకు జరుగుతుంది, మళ్లీ సూర్యుడికి ఎదురుగా రావాలంటే ఇంకొంచెం తిరగాలి. ఆ నాలుగు నిమిషాల సంగతి పిల్లలే బల్ల మీద రెండు బంతులు పెట్టి తేల్చుకున్నారు. చెప్పేవారు భ్రమణాన్ని లెక్కిస్తారు, వినేవారు సూర్యోదయాన్ని తలచుకుంటారు. అబ్బురమంతా ఆ రెండింటి మధ్యే ఉంది.

టమాటా గొడవ 1893లోనే అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కూరగాయల మీద దిగుమతి సుంకం ఉండడమే కారణం. వృక్షశాస్త్రం ప్రకారం పండే అయినా, జనం వాడుకలో కూరగాయే కనుక సుంకం కట్టాల్సిందేనని తీర్పు వచ్చింది. మదనపల్లె మార్కెట్‌లోనైనా అంతే, అక్కడ వృక్షశాస్త్రంతో పని లేదు.

నాకు అన్నిటికన్నా ప్రియమైన తగవు మా కొండ గురించి. తిరుమల కొండ వయసు ఎంత? "250 కోట్ల ఏళ్లు" అని ఠక్కున చెబుతారు. దేని వయసు అని నేను అడుగుతాను. ఘాట్ రోడ్డులో రెండు రకాల రాళ్లు ఒకదానిపై ఒకటి కలిసే చోటు బయటపడి కనిపిస్తుంది. దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు, జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తింపు కూడా ఉంది. కింద ఉన్న గ్రానైట్ జాతి రాయి వయసు 250 కోట్ల ఏళ్లకు పైమాటే. పైన ఉన్నది ఇసుక పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడిన క్వార్ట్‌జైట్. రెండింటి మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల వ్యవధి ఉందంటారు. ఆ కాలానికి సంబంధించిన రాయి అక్కడ లేనే లేదు. పైగా రాయి పుట్టిన కాలం వేరు, ఆ రాయి కోసుకుపోయి నేటి కొండ రూపానికి వచ్చిన కాలం వేరు. "వయసు" అంటే ఏమిటో తేల్చుకోకుండా ఒక్క అంకె చెబితే, ఇంత చరిత్రా కనబడకుండా పోతుంది.

అరటి విషయంలో మాత్రం సగం మీ పక్షమే. వృక్షశాస్త్రంలో బెర్రీ అంటే ఒకే పువ్వులోని అండాశయం నుంచి పెరిగి, లోపలంతా కండతో ఉండే కాయ. ఈ నియమం చెబితే వంకాయ, మిరపకాయ, ద్రాక్ష కూడా బెర్రీలే. స్ట్రాబెర్రీ కాదు, దాని కండ పువ్వు అడుగుభాగం నుంచి ఉబ్బుతుంది. నియమం చెప్పకుండా "అరటి బెర్రీ" అని మాత్రమే అనేవారికి నా క్విజ్‌లో సగం మార్కులే.