జేడ్ రాయిలో పురుగు ఎందుకు?

ప్రశ్న: చైనా పాత సమాధుల్లో చనిపోయినవాళ్ల నాలుక మీద జేడ్‌తో చెక్కిన పురుగును పెట్టేవారని చదివాను. అంత విలువైన రాయిలో పురుగునే ఎందుకు చెక్కారండీ?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అది సికాడా అండీ, ఎండాకాలం చెట్ల మీద చెవులు గింగురుమనేలా అరిచే పురుగు. దాని పిల్ల ఏళ్ల తరబడి మట్టిలోనే ఉండి, ఒకరోజు పైకొచ్చి, పాత పొర వదిలేసి రెక్కలతో ఎగిరిపోతుంది, హాన్ వంశం కాలంలో (క్రీ.పూ. 206 – క్రీ.శ. 220) మట్టిలోకి వెళ్లిన మనిషి కూడా అలాగే మళ్లీ లేస్తాడన్న ఆశతో దాన్ని నోట్లో పెట్టేవారు. చేతుల్లో జేడ్ పందులు ఉండేవి, అవి సంపదకు గుర్తు. జేడ్ శరీరాన్ని కుళ్లనివ్వదని కూడా నమ్మేవారు, అందుకే 1968లో మాన్‌చెంగ్‌లో బయటపడ్డ ల్యూ షెంగ్ అనే రాజు సమాధిలో 2,498 జేడ్ పలకల్ని బంగారు తీగతో కుట్టిన కవచమే దొరికింది. నాకైతే ఆ కవచం కన్నా ఈ చిన్న పురుగే ఎక్కువ ఇష్టం. జేడ్ ఉలికి లొంగదు, గట్టి ఇసుకతో ఓపిగ్గా అరగదీయాలి, అలాంటి రాయిలో కొన్ని సూటి గీతలతోనే కళ్లూ రెక్కలూ తెప్పించారు! ఎక్కడైనా కనిపిస్తే రంధ్రం ఉందేమో చూడండి. ఉంటే అది బతికున్నవాళ్లు ధరించినది కావచ్చు, నాలుక మీద పెట్టినవాటికి సాధారణంగా ఉండదు.