గ్రామసభలో సంతకం పెట్టే ముందు

ప్రశ్న: మా ఊళ్లో గ్రామసభకు ఇరవై మంది వస్తారు, సంతకాలు పెట్టి వెళ్లిపోతారు. తర్వాత ఏ పని గురించి అడిగినా ‘సభ ఆమోదించింది’ అంటారు. గట్టిగా అడిగితే అవతలి పార్టీ మనిషని ముద్ర వేస్తారు. మామూలు ఓటరు చేయగలిగిందేమైనా ఉందా?
– ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

జవాబు: ఉంది. ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఇది 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ఇచ్చిన హోదా, సర్పంచి దయ కాదు.

గోల్‌మాల్ ఎక్కువగా జరిగేది సంతకాల దగ్గరే. ముందు సంతకాలు తీసుకుని, తీర్మానం తర్వాత తీరిగ్గా రాసుకుంటారు. తీర్మానం రాసి, పైకి చదివి వినిపించాకే సంతకం పెట్టండి. చివరి వాక్యం కింద ఖాళీ ఉంటే అడ్డగీత కొట్టించండి. మీ అభ్యంతరాన్నీ పుస్తకంలో రాయమనండి. రాయకపోతే అదే రోజు కాగితం మీద ఇచ్చి, నకలుపై అందినట్టు సంతకం, ముద్ర వేయించుకోండి.

జరిగిపోయిన పనికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పంచాయతీ స్థాయిలో ఫీజు లేదు, నకళ్లకు పేజీకి 2 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే మొదటి అప్పీలు. ‘పనుల వివరాలు ఇవ్వండి’ అని రాస్తే జవాబు కూడా అంత డొల్లగానే వస్తుంది. ఫలానా వీధి సీసీ రోడ్డు అంచనా, ఎంబుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీలు, బిల్లు అని పేరుపేరునా అడగండి. ఎంబుక్ ఇంజినీరు దగ్గరుందంటే, 5 రోజుల్లో దరఖాస్తును అక్కడికి పంపాల్సిన బాధ్యత కార్యదర్శిదే.

ఎంబుక్ చేతికొచ్చాక టేపు పట్టండి. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం అని ఉంటే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు పడాలి. మందం 10 సెంటీమీటర్లే ఉంటే పడింది 30. పొడవు, వెడల్పు ఎవరికైనా కనిపిస్తాయి, తేడా దాగేది మందంలోనే. అంచు కొలిచి సరిపెట్టుకోవద్దు, అక్కడ సరిగ్గా ఉండి నడిమధ్య పలచబడే వీలుంది. అందుకే కాంక్రీటు పోసే రోజే అక్కడుండటం మేలు.

ఇక పార్టీ ముద్ర. ఒక్కరే వెళ్తే పడుతుంది. అన్ని వాడల నుంచీ, వేర్వేరు పార్టీలకు ఓటేసే ఐదారుగురు కలిసి వెళ్లండి. ఒక సభలో ఒకే పని గురించి అడగండి. ‘తిన్నారు’ అనకండి. ‘పుస్తకంలో కొలత ఇంత, రోడ్డు మీద ఇంత, తేడా ఎందుకు?’ అనండి. వాళ్లు సరైన లెక్క చూపిస్తే అక్కడే, అందరి ముందే ఒప్పుకోండి. ఈ ఒక్క అలవాటు లేకే చాలా ఊళ్లలో ప్రశ్న కాస్తా తగాదా అయిపోతోంది. పగలు పదకొండింటికి సభ పెడితే కూలికెళ్లేవాళ్లు రాలేరు. సాయంత్రం పెట్టమని ముందే రాసివ్వండి.

ప్రశ్న: మంచి సర్పంచి దొరికితే ఇంత తంటా ఎందుకు?
– మరో పాఠకురాలు, ఖమ్మం

జవాబు: రాజకీయాల్లో భక్తి, వ్యక్తిపూజ పతనానికీ, చివరికి నియంతృత్వానికీ దారితీస్తాయని అంబేద్కర్ 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. పైగా అడిగే జనం ఎక్కువ అవసరమయ్యేది మంచి సర్పంచికే. ఫలానా కాంట్రాక్టరుకే పని ఇమ్మని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు, ‘మా సభలో లెక్క అడుగుతారండీ’ అని చెప్పగలిగితేనే ఆయన నిలబడగలడు.