కదిపితే గట్టిగా ఉంటే చాలా?

ప్రశ్న: వేట మంచెను నిరుటి నుంచి చెట్టుకే ఉంచేశాను. కదిపితే గట్టిగానే ఉంది. ఎక్కవచ్చా?

జవాబు: ఆగండి, ముందు మంచెను చెట్టుకు కట్టిన పట్టీలు చూడండి. నేనూ మీలాగే కదిపి చూసి ఎక్కినవాణ్ణే. మూడో మెట్టు మీదుండగా పట్టీ పుటుక్కుమంది. మడమ బెణుకుతో బయటపడ్డాను. ఎండకు నైలాన్ పెళుసెక్కుతుంది, ఉడతలు కొరుకుతాయి. పైగా చెట్టు లావెక్కుతుంది కదా, పట్టీ బిగిసిపోయి పీచులు తెగుతాయి. రంగు వెలిసినా, పీచు లేచినా మార్చేయండి. ముడేసి సరిపెట్టే పిసినారితనం ఇక్కడ పనికిరాదు. బోల్టులు, తుప్పు, వెల్డింగ్ పగుళ్లు చూసుకోవడం సరేసరి. ఎక్కడం మొదలెట్టిన దగ్గర్నుంచి దిగేదాకా ఒంటిమీది హార్నెస్ (కింద పడకుండా ఒంటికి బిగించుకునే పట్టీల కట్టు) చెట్టుకు కట్టిన తాడుకు తగిలించే ఉండాలి. పడబోతే ఒకసారి ఆపిన హార్నెస్‌ను మళ్లీ వాడొద్దు. సీజన్ అయ్యాక మంచె దించి నీడన పెట్టండి.