బారీ శాండర్స్, యాష్టన్ జెంటీ: తేడా 27 యార్డులేనా?

ప్రశ్న అడిగినాయన ఏమన్నారంటే, "2024 అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ సీజన్‌లో బాయిసీ స్టేట్ కుర్రాడు యాష్టన్ జెంటీ, ఒక్క సీజన్‌లో బంతి పట్టుకుని పరిగెత్తిన యార్డుల్లో, ఒక్లహోమా స్టేట్ బారీ శాండర్స్ 1988 రికార్డును 27 యార్డుల తేడాతో మిస్సయ్యాడు కదా, అంటే ఇద్దరూ దాదాపు సమానమేనా? అసలు వేర్వేరు కాలాల కాలేజీ రన్నింగ్ బ్యాకులను (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాళ్లను) పోల్చవచ్చా?" అని. పోల్చవచ్చు. పోల్చుకోకపోతే శనివారాలు గడిచేదెలా? కానీ సమానం మాత్రం కాదు. అసలు తేడా 27 యార్డులు కాదు, 249.

నేను స్టిల్‌వాటర్‌లో, ఒక్లహోమా స్టేట్‌లో ఎమ్మెస్ చేశాను. కాబట్టి నా దగ్గర నిష్పక్షపాతం ఆశించకండి. పైగా ఇప్పుడు ఉంటున్నది టెక్సస్‌లోని ఫ్రిస్కోలో. జెంటీ చదువుకున్న లోన్‌స్టార్ హైస్కూల్ మా ఊళ్లోదే. వాళ్ల నాన్న నేవీలో పనిచేయడం వల్ల పిల్లాడు కొన్నాళ్లు ఇటలీలోని నేపుల్స్‌లో పెరిగి, తర్వాత ఇక్కడికొచ్చాడు. మా కాలనీలో సగం ఇళ్లు మనవాళ్లవే. ఊరివాడు జాతీయ రికార్డు కొట్టబోతున్నాడంటే, ఫుట్‌బాల్ అంటే ఆసక్తి లేనివాళ్లకు కూడా ఒక్కసారిగా ఊరి మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

2024 డిసెంబర్ 31న ఫియెస్టా బౌల్ (సీజన్ చివర ఆడే బౌల్ గేముల్లో ఒకటి), బాయిసీ స్టేట్‌కీ పెన్ స్టేట్‌కీ. ఆ రాత్రి మేం న్యూ ఇయర్ పార్టీకి ఒక ఫ్రెండ్ ఇంటికి వెళ్లాం. అప్పటికి జెంటీ 2,497 యార్డులు పరిగెత్తి ఉన్నాడు. ఇంకో 132 వస్తే బారీ రికార్డు పోయినట్టే. హాల్లో పెద్ద టీవీ. దాని మీద పోరాటం మామూలే. ఒకాయనకు సంక్రాంతి సినిమాల మీద యూట్యూబ్ చర్చ కావాలి, ఇంకొకాయనకు హైదరాబాద్ భూముల రేట్ల గురించి ఎవరో చెప్పే వీడియో కావాలి. (ఈ రెండో రకం వాళ్లను పార్టీలకు పిలవడం మానేయాలని నేను చాలాకాలంగా అంటున్నాను. ప్లేట్లో బిర్యానీ పెట్టుకుని శంకర్‌పల్లిలో గజం ఎంతో చెప్తారు, మనం అడక్కపోయినా.) చివరికి రిమోట్ ఆ ఇంటి అబ్బాయి చేతికి చిక్కింది. వాడూ లోన్‌స్టార్‌లోనే చదివాడు. ఇక ఎవరు అడిగినా ఇవ్వలేదు.

వాడు ఒక పేపర్ ప్లేట్ తిరగేసి, మార్కర్ తీసుకుని లెక్క మొదలెట్టాడు. జెంటీ బంతి పట్టిన ప్రతిసారీ ప్లేటు మీద ఒక అంకె వేస్తాడు. 3, 5, 2. మళ్లీ 2. వెనక్కి నెట్టేస్తే అంకె ముందు మైనస్ గుర్తు. జెంటీ ఆడటం చూసినవాళ్లకు తెలుసు, బంతి రాకముందు చేతులు కిందకు వేలాడేసి నిటారుగా నిలబడతాడు, బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు. ఆ తర్వాత ఒక్కడు పట్టుకుంటే పడడు, ఇద్దరు పట్టుకున్నా కష్టమే. కానీ ఆ రాత్రి పెన్ స్టేట్ వాళ్లు నలుగురైదుగురు ఒకేసారి మీద పడ్డారు. వేరే ఏదైనా వదిలేద్దాం, వీణ్ణి మాత్రం పరిగెత్తనివ్వద్దు అని ఒట్టు పెట్టుకుని వచ్చినట్టున్నారు. నేను బజ్జీ తింటూ ప్రతి మైనస్‌కీ లోలోపల సంతోషిస్తున్నాను. అది మొహంలో కనిపించిందేమో, మా ఆవిడ వంటింట్లోంచి వస్తూ, "పిల్లాడు అంత ఆశగా చూస్తుంటే మీకేంటండీ ఆ నవ్వు?" అంది.

మొత్తం 30 సార్లు బంతి పట్టి 104 యార్డులు. బాయిసీ 31-14తో ఓడింది. సీజన్ మొత్తానికి 2,601. బారీ 2,628 అలాగే ఉండిపోయింది.

అబ్బాయి ఊరుకోలేదు. "అంకుల్, చాలా మ్యాచుల్లో సెకండాఫ్‌లో బెంచ్ మీద కూర్చోబెట్టారు. లేకపోతే నవంబర్‌లోనే కొట్టేసేవాడు" అన్నాడు. నిజమే, కాదనను. బాయిసీ చిత్తుగా గెలుస్తున్న మ్యాచుల్లో వాణ్ణి ముందే బయటకు తీసేశారు. కానీ నేను ఆ మార్కర్ అడిగి తీసుకుని, ప్లేటు అంచున రెండు వరసలు రాశాను. బారీ: 373 సార్లు, 2,850 యార్డులు. జెంటీ: 374 సార్లు, 2,601 యార్డులు.

వాడు 2,850 అంకె మీద వేలు పెట్టి, "ఇదెక్కడిది? రికార్డు 2,628 కదా?" అన్నాడు. అసలు విషయం అక్కడే ఉంది.

బారీ 2,628 యార్డులు 11 మ్యాచుల్లో కొట్టాడు. ఆ తర్వాత 1988 డిసెంబర్‌లో హాలిడే బౌల్‌లో వ్యోమింగ్ మీద 29 సార్లు బంతి పట్టి 222 యార్డులు, ఐదు టచ్‌డౌన్లు (బంతిని అవతలి గీత దాటించడం). మావాళ్లు 62-14తో గెలిచారు. కానీ అప్పట్లో బౌల్ గేమ్ అంకెలను ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటలను నడిపే సంస్థ) సీజన్ లెక్కలో కలిపేది కాదు. 2002 నుంచి కలపడం మొదలెట్టారు. సరే, కలిపారు. మరి పాతవాళ్లవి? వాటిని ముట్టుకోలేదు! రంజీ ఫైనల్లో కొట్టిన డబుల్ సెంచరీని, అది ఫలానా సంవత్సరానికి ముందు కొట్టారు కాబట్టి రికార్డు పుస్తకంలో ఎక్కించం అంటే మనవాళ్లు ఊరుకుంటారా? జెంటీ 14 మ్యాచులు ఆడాడు. అందులో కాన్ఫరెన్స్ (కాలేజీల గ్రూపు) ఫైనల్, ఫియెస్టా బౌల్ కూడా కలిపే 2,601. బారీకి మాత్రం 12వ మ్యాచ్ లేనట్టే. మ్యాచ్‌కి సగటు చూస్తే బారీ 237, జెంటీ 186. ఇంకేం పోలిక?

ఇది ఒక్క బారీ గొడవే కాదు. విస్కాన్సిన్‌లో 1996 నుంచి 1999 దాకా ఆడిన రాన్ డేన్ బౌల్ గేములతో కలిపి 7,125 యార్డులు పరిగెత్తాడు. పుస్తకంలో 6,397. 2016లో శాన్ డియాగో స్టేట్ డానెల్ పంఫ్రీ తన బౌల్ గేములు కూడా కలుపుకుని 6,405కి చేరగానే కొత్త రికార్డు అని ప్రకటించేశారు. పంఫ్రీ మీద నాకేం కోపం లేదు, చిన్న మనిషి, గొప్పగా ఆడాడు. ఆ లెక్కలు రాసేవాళ్ల మీదే నా కోపమంతా. పాత స్కోరు షీట్లన్నీ ఉన్నాయి. కూర్చుని కూడితే ఒక మధ్యాహ్నం పని.

ఇంకా వెనక్కి వెళ్తే ఇంకా చిక్కు. 1972కి ముందు ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) కుర్రాళ్లను సీనియర్ టీమ్‌లో ఆడనిచ్చేవాళ్లే కాదు. అంటే అప్పటి మొనగాళ్లకు మూడేళ్లే. పిట్స్‌బర్గ్‌లో టోనీ డోర్సెట్ 1973లో చేరాడు కాబట్టి నాలుగేళ్లు దొరికాయి, 6,082 యార్డులు వచ్చాయి. తక్కువ చేయడం కాదు, 1976లో హైస్మన్ ట్రోఫీ (ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చేది), జాతీయ ఛాంపియన్‌షిప్ రెండూ కొట్టినవాడు. కానీ 1950లలో సిరక్యూజ్‌కి ఆడిన జిమ్ బ్రౌన్‌కి ఆ నాలుగో ఏడాది లేదు. అందుకే కెరీర్ మొత్తం అంకెలు పట్టుకుని వాదించేవాళ్లతో నేను మాట్లాడను. ఒక్క సీజన్ తీసుకోండి, బంతి పట్టిన ప్రతిసారీ ఎంత వచ్చిందో చూడండి, ఎవరి మీద వచ్చిందో చూడండి.

"ఎవరి మీద" అనే దగ్గర జెంటీ అభిమానులు వాదనకు సర్దుకుని కూర్చుంటారు. ఇప్పటి డిఫెన్స్ కుర్రాళ్లు అప్పటివాళ్లకన్నా బరువు, వేగం, శిక్షణ అన్నిట్లో ఎక్కువ అంటారు. ఒప్పుకుంటా. 2024 సెప్టెంబర్‌లో ఆరెగన్ మీద, వాళ్ల ఊళ్లోనే జెంటీ 192 యార్డులు, మూడు టచ్‌డౌన్లు చేశాడు. ఆ మ్యాచ్ నేను ఆసాంతం చూశాను, అద్భుతం. కానీ సీజన్‌లో మిగతా ఎక్కువ మ్యాచులు మౌంటెన్ వెస్ట్ అనే చిన్న కాన్ఫరెన్స్ టీముల మీదే. బారీ ఉన్నది నెబ్రాస్కా, ఒక్లహోమా ఏలుతున్న బిగ్ ఎయిట్ కాన్ఫరెన్స్‌లో. ఆ ఏడాది నెబ్రాస్కా మీద 189, ఒక్లహోమా మీద 215. రెండూ ఓడిపోయాం, అది వేరే బాధ. ఒక్లహోమా మ్యాచ్ 31-28. దాని గురించి స్టిల్‌వాటర్‌లో ఇప్పటికీ పెద్దవాళ్ల దగ్గర ఎత్తకూడదు. క్యాంపస్‌లో నేను పార్ట్‌టైమ్ చేసిన చోట మా సూపర్‌వైజర్ ఒకాయన ఉండేవాడు. మామూలుగా నోరు విప్పని మనిషి, ఆ మ్యాచ్ మాటెత్తితే చాలు, లంచ్ బ్రేక్ అంతా అయిపోయేది.

బారీ గురించి ఇంకొక్క మాట, లేకపోతే నాకు నిద్ర పట్టదు. అంతకు ముందు రెండేళ్లూ ఈ మనిషి సీనియర్ రన్నింగ్ బ్యాక్ థర్మన్ థామస్ వెనకాల బెంచ్ మీద ఉన్నాడు. పూర్తిగా ఆడింది ఒక్క ఏడాదే. హైస్మన్ ప్రకటించిన రోజు టోక్యోలో ఉన్నాడు, అక్కడ టెక్సస్ టెక్‌తో మ్యాచ్. వార్త తెలిశాక వెళ్లి 332 యార్డులు పరిగెత్తాడు. ఆ సీజన్‌లో 300 దాటిన మ్యాచుల్లో అది నాలుగోది. టచ్‌డౌన్ చేస్తే గంతులు లేవు, డ్యాన్సులు లేవు. బంతి తెచ్చి రెఫరీ చేతికిచ్చి వెళ్లిపోవడమే. ఇప్పటి కుర్రాళ్లు నాలుగు యార్డులు పరిగెత్తితే కెమెరా వైపు చూసి చేసే చేష్టలు చూస్తుంటే నాకు బీపీ పెరుగుతుంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద సంపాదించుకోవచ్చు. జెంటీ పెద్ద కాలేజీలు ఆశ చూపినా బాయిసీ వదలలేదు, అది నాకు నచ్చింది. బారీకి ఆ అవకాశమే లేదు. 1989లో ఎన్‌సీఏఏ మా కాలేజీ మీద ఆంక్షలు పెట్టింది. ఆయన ఒక ఏడాది ముందే ప్రొఫెషనల్ లీగ్‌లోని డెట్రాయిట్ టీమ్‌కి వెళ్లిపోయాడు. ఆ నాలుగో ఏడాది ఆడి ఉంటే ఈ ప్రశ్నే వచ్చేది కాదు.

ఇక జార్జియా యూనివర్సిటీకి ఆడిన హెర్షల్ వాకర్. జార్జియాలోని ఆల్ఫరెట్టాలో ఉండే మా బావ ఇది చదివితే ఫోన్ చేస్తాడు. "పద్దెనిమిదేళ్ల కుర్రాడు రా, చేరిన మొదటి ఏడాదే జార్జియాకి జాతీయ ఛాంపియన్‌షిప్ తెచ్చాడు, భుజం జారిపోయి కూడా నోటర్‌డేమ్ మీద 150 యార్డులు కొట్టాడు" అని ప్రతిసారీ అదే పాట. నిజమే బావా. 1980లో 1,616 యార్డులు, మూడేళ్లలో 5,259. ఫ్రెష్‌మన్లలో అంతటివాడు లేడు, ఆ విషయంలో నీకే ఓటు. కానీ మూడేళ్లలో 994 సార్లు బంతి ఆయన చేతికే ఇచ్చారు. ప్రతిసారీ సగటున 5.3 యార్డులు. దాదాపు అదే కాలంలో, పక్క రాష్ట్రంలో ఆబర్న్‌కి ఆడిన బో జాక్సన్ నాలుగేళ్లలో పట్టింది 650 సార్లే. వచ్చినవి 4,303. అంటే 6.6. హెర్షల్‌కి ఇచ్చినన్నిసార్లు బోకి ఇచ్చి ఉంటే ఎంతయ్యేదో నువ్వే గుణించుకో అని బావకి మొన్న వాట్సాప్‌లో పెట్టాను. బ్లూ టిక్కులు వెంటనే పడ్డాయి. జవాబు మాత్రం ఇంకా రాలేదు.