నెల్లూరు ఫ్లాట్‌లో బే విండో ఖాళీగా ఉంది, ఎలా వాడుకోవాలి?

హాలు కిటికీ బయటికి పొడుచుకొచ్చి లోపల గట్టులా ఉందనీ, దాని మీద కూర్చునేలా చేయించాలా, మొక్కలు పెట్టాలా అనీ అడిగారు. అది ఏ దిక్కున ఉందో మాత్రం రాయలేదు. మన వైపు అసలు సంగతి అదే.

మాది ఒంగోలు. మా పడకగది బే విండో పడమరకి ఉంది. నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మా చెల్లెలి వాళ్లది తూర్పుకి. కొలతలు ఇంచుమించు ఒకటే, వాడకం మాత్రం పూర్తిగా వేరు. వాళ్లింట్లో పొద్దున్నే కాఫీ, పేపరు, పిల్లలకి జడలు వెయ్యడం అన్నీ ఆ గట్టు మీదే. పాత ఇళ్ల వీధి అరుగు హాల్లోకి వచ్చినట్టుంటుంది. మా ఇంట్లో మే నెల మధ్యాహ్నం అక్కడ కూర్చోవడం సంగతి అటుంచండి, చెయ్యి కూడా పెట్టలేం. అందుకే మేం అక్కడ కుషన్లూ గిషన్లూ పెట్టలేదు. ఎండాకాలం వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లుతాం. వడియాలకి, ఎండుమిరపకాయలకి మాత్రం దాన్ని మించిన చోటు లేదు. కాకుల బెడద లేదు, రోడ్డు దుమ్ము లేదు. తేమ పోవడానికి అద్దం కొంచెం తీసి ఉంచితే చాలు.

గట్టు మీదకి ఏ రాయి అంటే, గెలాక్సీ గ్రానైట్ దొరికే చీమకుర్తి దగ్గరే కాబట్టి మేస్త్రీలు అదే వేద్దామంటారు. నల్ల రాయిలో బంగారు చుక్కలు చూడముచ్చటగానే ఉంటాయి. కానీ నలుపు ఎండని పీల్చుకుని పొద్దుపోయాక కూడా సెగలు కక్కుతుంది. పడమర కిటికీకి వద్దే వద్దు, లేత రంగు రాయి వేయించండి. తూర్పు, ఉత్తరాలకి పర్వాలేదు.

ఇక టేపు పెట్టి గట్టు ఎత్తు చూడండి. నేల నుంచి 18 అంగుళాల దరిదాపుల్లో ఉంటే కూర్చోవడానికి సరిపోతుంది. 30 అంగుళాలు ఉంటే దాన్ని కుర్చీ చెయ్యాలని తాపత్రయపడకండి, అది టేబుల్ ఎత్తు. కింద కాళ్లు పట్టే ఖాళీ ఉంటే ముందు స్టూల్ వేసుకుంటే చదువుకోవడానికి, లాప్‌టాప్‌కి హాయిగా ఉంటుంది. కింద అర చేయించేటట్టయితే పైకెత్తే మూత కంటే సొరుగులు మేలు. మూతయితే ప్రతిసారీ పరుపు తీసి పక్కన పెట్టాలి. వారం తిరిగేసరికి దాన్ని తెరిచే దిక్కే ఉండదు. చెక్క తడికి తట్టుకునే 710 గ్రేడ్ ప్లైవుడ్ వాడమనండి, ఎందుకంటే మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుఫాను పడితే జల్లు ఈశాన్యం నుంచి అడ్డంగా కొడుతుంది. తూర్పు కిటికీ అందానికి మనం కట్టే పన్ను అదే. స్లైడింగ్ అద్దాలయితే దసరా లోపే కింద ట్రాక్‌లో నీళ్లు పోయే చిల్లుల్లో మట్టి తీసేయండి, లేకపోతే ఆ నీళ్లు తిన్నగా లోపలికొస్తాయి.

దసరా అంటే గుర్తొచ్చింది, మా చెల్లెలు బొమ్మల కొలువు అక్కడే పెడుతుంది. గట్టు ఒక మెట్టు, దాని మీద పలకలతో ఇంకో రెండు. మూడు వైపులా అద్దాలకి సీరియల్ బల్బులు కడితే వీధిలోకి కూడా కనిపిస్తుంది. పొద్దుటెండ తగిలి కొండపల్లి బొమ్మల రంగు వెలవకుండా ఒక పాత వెంకటగిరి చీర తెరగా కడుతుంది. నన్నడిగితే ఆ కిటికీకి ఇంతకంటే మంచి వాడకం లేదు.

మొక్కలంటారా, తూర్పుకైతే తులసి బాగా వస్తుంది. మనీ ప్లాంట్ ఎక్కడైనా బతుకుతుంది. పెద్ద సిమెంటు కుండీలు మాత్రం పెట్టకండి. చాలా ఫ్లాట్లలో ఆ గట్టు కింద గోడ ఉండదు, స్లాబు గాల్లోకి పొడుచుకొచ్చి ఉంటుంది. ఎంత బరువు మోస్తుందో బిల్డర్ ఇంజనీరుని అడిగాకే బుక్ షెల్ఫులు, అక్వేరియంలు.

పిల్లలుంటే గ్రిల్ తప్పనిసరి, ఊచల మధ్య సందు 4 అంగుళాలు మించకూడదు. దోమల మెష్ సంగతి నెల్లూరు వాళ్లకి నేను చెప్పాలా!

మీది మూడు పలకల బే కాకుండా వంపు తిరిగిన బో విండో అయితే కర్టెన్‌కి మామూలు రాడ్ పనికిరాదు. వంచడానికి వీలైన అల్యూమినియం ట్రాక్ దొరుకుతుంది, దాన్ని సీలింగ్‌కి బిగించమనండి.