17వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో మామూలు మనిషి దొరబిడ్డగా చెలామణి కాగలిగేవాడా?

కాగలిగేవాడు, కానీ ఎక్కువ కాలం కాదు. ఫొటోలు, గుర్తింపు కార్డులు లేని రోజులవి. ఊరు కాని ఊళ్లో మనిషిని బట్టలు, నగలు, మాటతీరు చూసే అంచనా వేసేవారు. ఎవరు ఏ బట్ట కట్టాలో చెప్పే చట్టాలను కూడా 1604లోనే ఎత్తేశారు.

మేరీ కార్లటన్ సంగతే చూడండి. కాంటర్‌బరీలో పుట్టిన సామాన్యురాలు. 1663లో లండన్‌లో ఒక సత్రంలో దిగి, జర్మనీలోని కొలోన్ నుంచి వచ్చిన గొప్పింటి ఆడపడుచునని నమ్మించింది. తన ఆస్తుల గురించిన ఉత్తరాలు సత్రం యజమాని కంటపడేలా చూసుకుంది. ఆయన ఆశపడి తన బావమరిది జాన్ కార్లటన్‌ను పెళ్లికొడుకుగా ముందుకు తోశాడు. నాకు బాగా ఆసక్తి కలిగించేది ఇక్కడే: లాయరు దగ్గర గుమస్తా అయిన ఆ కుర్రాణ్ణి కూడా ఆమెకు ప్రభువంటూ పరిచయం చేశారు! అంటే మోసం రెండువైపులా ఉంది.

పెళ్లయ్యాక, ఆమెకు ముందే భర్త ఉన్నాడంటూ ఒక ఉత్తరం వచ్చింది. కేసు ఓల్డ్ బెయిలీ కోర్టుకెక్కింది. మొదటి పెళ్లికి తగిన సాక్ష్యం లేక ఆమె నిర్దోషిగా బయటపడింది. మరుసటి ఏడాది నాటకంలో తన పాత్ర తానే వేసింది. తర్వాత దొంగతనాల్లో పట్టుబడితే శిక్షగా దేశం దాటించి జమైకా దీవికి పంపించినా తిరిగొచ్చేసింది. 1673 జనవరిలో ఆమెను లండన్‌లో ఉరిశిక్షలు అమలుచేసే చోటైన టైబర్న్‌లో ఉరితీశారు.